పేజీ తెరుచుకోవడానికి మైనస్ 54 ఏళ్లు!

కోల్‌కతా సాల్ట్‌లేక్‌లోని సెక్టార్ ఫైవ్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ బృందం ఉందనుకుందాం. విద్యార్థులు స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకునే వెబ్‌పేజీ మరీ నెమ్మదిగా తెరుచుకుంటోందని ఫిర్యాదు వచ్చింది. గడువు నాలుగు రోజులే. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌కు తాము జోడించుకున్న ఎక్స్‌టెన్షన్‌ను తెరిచి చూస్తే, లోడ్ సమయం దగ్గర -1700000000000 మిల్లీసెకన్లు అని ఉంది. బొమ్మల వరుసలో అన్నీ సున్నాలు. టూల్స్ మూసి మళ్లీ తెరిస్తే ప్యానెల్ మొత్తం ఖాళీ. ఆలస్యం సర్వర్‌దా, నెట్‌వర్క్‌దా, కొలిచే పరికరానిదా? ఇది తేల్చుకోకుండా పెద్ద సర్వర్ అద్దెకు తీసుకుంటే డబ్బు పోతుంది, గడువూ దాటిపోతుంది.

మొదట ఆ వింత సంఖ్యనే చూద్దాం. 1.7 లక్షల కోట్ల మిల్లీసెకన్లంటే 170 కోట్ల సెకన్లు, అంటే సుమారు 54 ఏళ్లు. కంప్యూటర్లు చాలావరకు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి లెక్కిస్తాయి. అక్కడి నుంచి 54 ఏళ్లంటే 2023 చివర. ఇప్పుడు అదే తప్పు జరిగితే అంకె ఇంకాస్త పెద్దదిగా కనిపిస్తుంది. అంటే ఆ సంఖ్య చెత్త కాదు, ఒక తేదీ! జరిగింది ఇది: పేజీ లోడ్ ముగిసిన క్షణంలోంచి మొదలైన క్షణాన్ని తీసివేయమని ఎక్స్‌టెన్షన్‌లో రాశారు. కానీ ముగింపు ఇంకా నమోదు కాకముందే చదివేశారు. నమోదు కాని విలువను బ్రౌజర్ సున్నాగా ఇస్తుంది. సున్నాలోంచి నేటి తేదీని తీసేస్తే వచ్చేది మైనస్ 54 ఏళ్లే.

ఈ పొరపాటు ఎక్కువగా ‘లోడ్’ ఈవెంట్ నడుస్తుండగానే ‘లోడ్‌ఈవెంట్‌ఎండ్’ విలువను అడిగినప్పుడు జరుగుతుంది. పని ఇంకా సాగుతుండగా అది ఎప్పుడు ముగిసిందని అడిగినట్టు! ఆ ఈవెంట్ పూర్తయ్యాక, ఒక చిన్న విరామం ఇచ్చి చదివితే సరిపోతుంది. ‘పెర్ఫార్మెన్స్ అబ్జర్వర్’ను వాడితే ఇంకా మేలు. నావిగేషన్ టైమింగ్ రెండో తరం ప్రమాణంలో సమయాలన్నీ పేజీ ప్రయాణం మొదలైన క్షణం నుంచే లెక్కిస్తారు కాబట్టి అక్కడ ఈ పొరపాటుకు మైనస్ ఏళ్లు రావు, ఊరికే సున్నా వస్తుంది. అది ఇంకా ప్రమాదం. మైనస్ 54 ఏళ్లను చూసి ఎవరైనా ఉలిక్కిపడతారు గానీ సున్నాను చూసి ‘భలే వేగం’ అనుకునేవారే ఎక్కువ.

బొమ్మల పక్కన ఉన్న సున్నాల సంగతి వేరు. అది పొరపాటు కాదు, బ్రౌజర్ కావాలనే దాచిన సమాచారం. పేజీ ఒక చోటి నుంచి, బొమ్మలు మరో డొమైన్ నుంచి వస్తున్నప్పుడు, చిరునామా వెతకడానికి, కనెక్షన్‌కు, మొదటి బైట్ రావడానికి పట్టిన సమయాలను బ్రౌజర్ ఆ పేజీకి చెప్పదు. మొత్తం వ్యవధిని మాత్రం చెబుతుంది. ఎందుకంటే ఆ చిన్న సమయాలను చూసి, మీరు ఇంతకుముందు ఏ సైట్లకు వెళ్లారో మరొకరు ఊహించగలరు. బొమ్మలు పంపే సర్వర్ తన జవాబులో ‘టైమింగ్-అలౌ-ఆరిజిన్’ అనే హెడర్‌ను చేరిస్తే సున్నాల స్థానంలో అసలు అంకెలు వస్తాయి. ఆ సర్వర్ మన చేతిలో లేకపోతే డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ప్యానెల్‌ను చూడాలి. ఈ దాపరికం పేజీలోని స్క్రిప్టులకే, ఆ ప్యానెల్‌కు కాదు. రెండింటినీ పక్కపక్కన పెడితే లోపం ఎక్స్‌టెన్షన్‌దా, అనుమతిదా అన్నది నిమిషంలో తేలుతుంది.

ఖాళీ ప్యానెల్‌కు కారణం మరీ మామూలుది. డెవలపర్ టూల్స్ తెరవకముందే వచ్చిపోయిన ఫైళ్లు ఎక్స్‌టెన్షన్‌కు కనిపించకపోవచ్చు. టూల్స్ తెరిచి ఉంచి పేజీని రీలోడ్ చేయాలి. అయినా ఖాళీగానే ఉంటే ఎక్స్‌టెన్షన్ల పేజీలో దాని ‘ఎర్రర్స్’ బటన్‌ను, ఏ సైట్లకు అనుమతి ఉందో ఆ వివరాన్ని చూడాలి. క్రోమ్‌లో మేనిఫెస్ట్ వీ3 ప్రకారం తయారైన ఎక్స్‌టెన్షన్లకు ఇంకో చిక్కుంది. వెనక పనిచేసే సర్వీస్ వర్కర్ సుమారు 30 సెకన్లు పని లేకుంటే ఆగిపోతుంది, వేరియబుల్స్‌లో దాచిన కొలతలన్నీ దాంతోపాటే పోతాయి. వాటిని ఎక్స్‌టెన్షన్ స్టోరేజీలో దాచుకోవాలి. ఎక్స్‌టెన్షన్‌ను సరిదిద్ది మళ్లీ లోడ్ చేశాక, అప్పటికే తెరిచి ఉన్న పేజీలను కూడా రిఫ్రెష్ చేయాలి. లేకుంటే పాత స్క్రిప్టు తెగిన తీగలా వేలాడుతుంది. (ఈ చివరి మాట మరచిపోయి గంటలు పోగొట్టుకోని డెవలపర్ ఉండరేమో.)

అంకెలు వచ్చాయి సరే, అవి నమ్మదగినవేనా? ఇక్కడ భౌతికశాస్త్రం అక్కరకొస్తుంది. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. కోల్‌కతా నుంచి ముంబయికి సరళరేఖలో సుమారు 1,650 కిలోమీటర్లు. వెళ్లిరావడానికి కనీసం 16 మిల్లీసెకన్లు పైనే పట్టాలి. నిజానికి తీగలు సరళరేఖలో పోవు కాబట్టి ఇంకా ఎక్కువ పడుతుంది. ముంబయిలోని సర్వర్‌తో కొత్త కనెక్షన్ 3 మిల్లీసెకన్లలో కుదిరిందని ఎక్స్‌టెన్షన్ చెబితే, మీరు మాట్లాడింది ముంబయితో కాదు, దగ్గర్లోని ఏదో కాపీ సర్వర్‌తో అయినా అయ్యుండాలి, లేదా కొలత తప్పయినా అయ్యుండాలి. కనెక్షన్ సమయం సరిగ్గా సున్నా అయితే పాత కనెక్షన్‌నే మళ్లీ వాడుకున్నారేమో చూడాలి. కాష్‌లోంచి వచ్చిన ఫైళ్లు కూడా ఇలాగే మాయ చేస్తాయి. ‘డిజేబుల్ కాష్’ గడిలో టిక్ పెట్టుకోవాలి, అదీ టూల్స్ తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తుంది. మిగతా ఎక్స్‌టెన్షన్లను ఆపేసి కొలవడం మంచిది, అవి కూడా పేజీని బరువెక్కిస్తాయి.

ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పడం కూడదన్న మాటకు కోల్‌కతాలోనే గొప్ప వారసత్వం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన తెలుగు శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు, పాతికేళ్ల వయసులో, 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. కొలతల నుంచి ఒక విలువను అంచనా కట్టేటప్పుడు, మన పద్ధతి ఎంత తెలివైనదైనా, పక్షపాతం లేని అంచనాలో అనిశ్చితి ఒక హద్దు కంటే తగ్గదని అందులో చూపారు. దానినే నేడు క్రామర్-రావు హద్దు అంటున్నారు. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి దక్కింది.

పేజీ లోడ్‌కు దీన్ని అన్వయిస్తే, కొలతలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, సగటులో అనిశ్చితిని సగానికి తగ్గించాలంటే నాలుగు రెట్లు కొలవాలి. పైగా లోడ్ సమయాలు అంత బుద్ధిగా ఉండవు. తొమ్మిదిసార్లు 2 సెకన్లు వచ్చి, పదోసారి నెట్ తడబడి 30 సెకన్లు వస్తే సగటు 4.8 సెకన్లు అవుతుంది. ఆ 4.8 ఏ విద్యార్థికీ ఎదురైన అనుభవం కాదు. మధ్యగతం 2 సెకన్లనే చెబుతుంది. అయితే ఆ పదో విద్యార్థిని మరిచిపోవడమూ తప్పే, దరఖాస్తు మధ్యలో ఆగిపోయేది అతనిదే. అందుకే మధ్యగతాన్నీ, అన్నిటికంటే నెమ్మదైన కొలతలనూ వేర్వేరుగా రాసుకోవాలి.

మన సెక్టార్ ఫైవ్ బృందం ఈ క్రమంలో చూస్తే, సర్వర్ నుంచి మొదటి బైట్ త్వరగానే వస్తోందని, పెద్ద బొమ్మల ఫైళ్లు దిగడానికే కాలమంతా పోతోందని తేలిందనుకోండి. అప్పుడు చేయాల్సింది బొమ్మల పరిమాణం తగ్గించడం. అద్దె సర్వర్ అక్కర్లేదు, ఆ పని సాయంత్రంలోపే అయిపోతుంది.