జ్వరం తెచ్చేది క్రిమా, మన శరీరమా? పన్నెండో క్రోమోజోమ్‌లోని ఒక జీన్ కథ



గేమ్స్ పీరియడ్‌లో మోకాలు గీరుకుపోయిన పిల్లాడు ఇంటికి వచ్చేసరికి ఆ చోటు ఎర్రబడి, వేడిగా, ఉబ్బి ఉంటుంది. ‘మురికి చేరింది, అందుకే వాచింది’ అంటాం. మురికితో క్రిములు చేరిన మాట నిజమే. కానీ ఆ ఎరుపు, వేడి, వాపు చాలావరకు మన శరీరం తనను కాపాడుకోవడానికి తెచ్చుకున్నవే. జ్వరం సంగతీ అంతే. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనే ఈ పనిని మొదలుపెట్టే ముఖ్యమైన స్విచ్‌లలో ఒకటి మన కణాల పైపొరలో ఉంటుంది. మీ అమ్మాయో అబ్బాయో తొమ్మిదో తరగతిలో కణం పాఠం చదువుతుంటే, ఈ కథ పక్కన కూర్చుని చెప్పుకోవడానికి పనికొస్తుంది.

ఆ స్విచ్ పేరు టీఎన్‌ఎఫ్ రిసెప్టర్-1. దాన్ని తయారుచేసే జీన్ మన పన్నెండో క్రోమోజోమ్ మీద ఉంది. జీన్ అసలు పేరు టీఎన్‌ఎఫ్‌ఆర్‌ఎస్‌ఎఫ్1ఏ. పరీక్షకు అడగరు కాబట్టి పిల్లలు బట్టీ పట్టనక్కర్లేదు! రిసెప్టర్ అంటే ఇంటి కాలింగ్ బెల్ లాంటిది. బటన్ బయట, మోగేది లోపల. బయట ఈ బటన్ నొక్కేది టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్. క్రిమిని చూసిన తెల్ల రక్తకణాలు దీన్ని వదులుతాయి. 1975లో న్యూయార్క్‌లో ఎలిజబెత్ కార్స్‌వెల్, లాయిడ్ ఓల్డ్, వారి సహచరులు ఎలుకల్లో కొన్ని కణితులను చంపుతున్న పదార్థంగా దీన్ని గుర్తించి, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. పదేళ్లకు, దీర్ఘరోగాల్లో మనిషిని ఎండిపోయేలా చేసే పదార్థం కోసం వెతుకుతున్న మరో బృందానికీ ఇదే దొరికింది. మేలు చేస్తుందనుకున్నదీ కీడు చేస్తుందనుకున్నదీ ఒకటే ప్రొటీన్ అని తేలింది.

బతకాలా, చావాలా?

టీఎన్‌ఎఫ్ మూడు ముక్కలు కలిసిన గుత్తిలా ఉంటుంది. అది వచ్చి తగలగానే రిసెప్టర్లు మూడేసి దగ్గరగా చేరతాయి. లోపలివైపున్న భాగాన్ని శాస్త్రవేత్తలు డెత్ డొమైన్, అంటే మృత్యు భాగం అంటారు. పేరు భయంకరంగా ఉన్నా అది మొదట చేసేది కణాన్ని బతికించే పనే. ట్రాడ్, రిప్‌కే1 వంటి ప్రొటీన్లు అక్కడ చేరి ఎన్‌ఎఫ్-కప్పా బి అనే దాన్ని మేల్కొలుపుతాయి. అది కేంద్రకంలోకి వెళ్లి రెండు రకాల జీన్లను ఆన్ చేస్తుంది. ఒక రకం ఇన్‌ఫ్లమేషన్‌కు కావలసిన ప్రొటీన్లను తయారుచేయిస్తుంది. రెండో రకం ‘నువ్వు మాత్రం చావకు’ అని కణానికి రక్షణ ఇస్తుంది.

ఆ రక్షణ ప్రొటీన్లు తయారు కాకపోతే? అప్పుడు లోపల ఇంకో గుంపు ఏర్పడి, కాస్పేజ్-8 అనే ఎంజైమ్ పని మొదలుపెడుతుంది. కణం తనను తాను ముక్కలుగా మడిచేసుకుని, పక్కవాటికి ఇబ్బంది లేకుండా చనిపోతుంది. దీన్ని అపాప్టోసిస్ అంటారు. కొన్ని వైరస్‌లు తాము దాక్కున్న ఇల్లు కూలకుండా ఈ కాస్పేజ్‌నే ఆపేస్తాయి. దానికీ మన కణం దగ్గర ఒక జవాబు ఉంది. కాస్పేజ్ ఆగిపోయిందని తెలియగానే మరో దారి తెరుచుకుంటుంది. కణం పైపొరకు రంధ్రాలు పడి, లోపలిదంతా బయటికి చిమ్ముతుంది. అది చూసి చుట్టుపక్కల రక్షణ కణాలన్నీ పరుగెత్తుకొస్తాయి.

క్రిమి లేకుండానే జ్వరం

ఈ జీన్‌లోనే తప్పు ఉంటే ఏమవుతుంది? 1982లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ డాక్టర్లు ఐరిష్, స్కాటిష్ మూలాలున్న ఒక కుటుంబం గురించి రాశారు. తరతరాలుగా వాళ్లకు కారణం తెలియని జ్వరాలు, కడుపునొప్పి, ఒక చోటి నుంచి మరో చోటికి పాకే కండరాల నొప్పి, ఎర్రటి దద్దుర్లు. ఏ క్రిమీ దొరకలేదు. 1999లో అమెరికా, బ్రిటన్ శాస్త్రవేత్తలు ఇలాంటి ఏడు కుటుంబాలను పరీక్షించి, కారణం ఈ జీన్‌లోనే ఉందని తేల్చారు. ఎక్కువ సందర్భాల్లో రిసెప్టర్ ఆకారాన్ని పట్టి ఉంచే చిన్న కొక్కెం ఒకటి తప్పింది. ఈ జబ్బును ఇప్పుడు ట్రాప్స్ అంటున్నారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ ఆ జీన్ వచ్చే అవకాశం 50 శాతం. పదో తరగతి అనువంశికత పాఠంలోని లెక్కే ఇది. సరైన వైద్యం అందకపోతే కొందరిలో ఏళ్ల తర్వాత కిడ్నీలు దెబ్బతింటాయి. అందుకే త్వరగా గుర్తించడం ముఖ్యం. ఇప్పుడు దీనికి మందులు ఉన్నాయి.

ట్రాప్స్ చాలా అరుదు. ఇది చదివి కంగారుపడకండి. పిల్లలకు వచ్చే జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌లవే, కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. కొందరు చిన్నపిల్లలకు మూడు నుంచి ఆరు వారాలకోసారి, క్యాలెండర్ చూసినట్టు, గొంతునొప్పితోనో నోటిపూతతోనో జ్వరం వచ్చి నాలుగైదు రోజుల్లో పోతుంది. అది పీఎఫ్‌ఏపీఏ అనే వేరే సమస్య కావచ్చు. వయసుతో పాటు చాలామందిలో తగ్గిపోతుంది. ట్రాప్స్ జ్వరం సాధారణంగా వారం దాటి ఉంటుంది, రాకకు లెక్క ఉండదు.

మళ్లీ మళ్లీ జ్వరం వచ్చే పిల్లలున్న ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ తేదీన మొదలైంది, ఎన్ని రోజులుంది, థర్మామీటర్ ఎంత చూపింది, దద్దుర్లు, కంటి చుట్టూ వాపు, ఒళ్లునొప్పులు ఉన్నాయా, జ్వరం లేని రోజుల్లో బిడ్డ హుషారుగా ఉందా అన్నవి రాయండి. నాన్నకో, మేనత్తకో, తాతయ్యకో చిన్నప్పుడు ఇలాగే వచ్చేదా అని అడగండి. పిల్లల డాక్టరుకు ఆ రెండు పేజీలు ఎంతో పనికొస్తాయి. జ్వరం లేని రోజున కూడా రక్తంలో సీఆర్‌పీ పరీక్ష చేయించమని ఆయన చెబితే, ‘ఇప్పుడు బాగానే ఉందిగా’ అని వాయిదా వేయకండి. లోపల ఇన్‌ఫ్లమేషన్ నడుస్తోందా లేదా అన్నది ఆ రోజే తెలుస్తుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చే యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుందే తప్ప వైరస్ మీదా, జీన్ మీదా పనిచేయదు. పారాసెటమాల్ వేసి బడికి పంపకండి, అటెండెన్స్ సంగతి క్లాస్ టీచర్‌తో మాట్లాడుకోవచ్చు.

ఇదే టీఎన్‌ఎఫ్ మీ ఇంట్లో పెద్దవాళ్ల ప్రిస్క్రిప్షన్‌లోనూ కనిపించవచ్చు. కీళ్లవాతం, క్రాన్స్ జబ్బు ఉన్న కొందరికి ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి ఇంజెక్షన్లు ఇస్తారు. ఇవి టీఎన్‌ఎఫ్‌ను బటన్ దాకా రాకుండా పట్టేసుకుంటాయి. నొప్పి, వాపు తగ్గుతాయి. అయితే ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న టీబీ క్రిములను గోడ కట్టి బంధించడానికి కూడా టీఎన్‌ఎఫే కావాలి. ఆ గోడ బలహీనపడితే టీబీ మేల్కొంటుంది. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. అమ్మమ్మకు ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు డాక్టర్ ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష రాస్తే కారణం ఇదే. ఆయన మరిచిపోతే మీరే గుర్తుచేయండి.