ఆంగ్ల సాహిత్య పరిభాష – మన అలంకారములు

ఉన్నత పాఠశాల తరగతులలో ఆంగ్ల పద్యపాఠము జరుగునపుడు సిమిలీ, మెటఫర్, మెటానిమీ, ఐరనీ మున్నగు మాటలు తరచుగ వచ్చుచుండును. మన విద్యార్థులు వానిని నిర్వచనములతో సహా కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి, మరునాడే మరచిపోవుచున్నారు. ఇది వారి బుద్ధిలోపము కాదు. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, కార్యాలయములో కన్నడము, పుస్తకములో ఆంగ్లము – ఇట్లు నాలుగు భాషల నడుమ పెరుగు బంగారు గనుల పిల్లలకు ఈ పేర్లు పరాయి సొమ్ముగ తోచుచున్నవి. ఆ సొమ్ములో పెక్కు భాగము మన యింటనే కలదు.

మొదట ఉపమను తీసికొందము. "సైనైడు దిబ్బ వెన్నెలలో మంచుకొండవలె తెల్లగ నున్నది" అను వాక్యమున దిబ్బ ఉపమేయము, మంచుకొండ ఉపమానము, తెల్లదనము సమానధర్మము, 'వలె' యనునది ఉపమావాచకము. నాలుగును ఉన్నవి గనుక ఇది పూర్ణోపమ; ఏ యొక్కటి లోపించినను లుప్తోపమ. ఆంగ్లమున దీనిని సిమిలీ అందురు. వారికి 'వలె'కు బదులు 'లైక్' అనియో 'యాజ్' అనియో ఉండును. ఆ మాటను తొలగించి "ఈ దిబ్బ మంచుకొండయే" యన్నచో మనకు రూపకము, వారికి మెటఫర్.

ఇచ్చట ఒక విశేషము కలదు. పోల్చబడు వస్తువునకును, పోలికగ తెచ్చిన వస్తువునకును ఆంగ్ల విమర్శకులకు చాల కాలము స్థిరమైన పేర్లు లేకుండెను. 1936లో ఐ. ఎ. రిచర్డ్స్ అను పండితుడు 'ది ఫిలాసఫీ ఆఫ్ రెటరిక్' అను గ్రంథమున వానికి 'టెనర్', 'వెహికల్' అని పేర్లు పెట్టెను. మన భట్టుమూర్తి 16వ శతాబ్దమున కావ్యాలంకారసంగ్రహమును రచించునాటికే ఉపమేయము, ఉపమానము అనునవి పాతబడిన మాటలు. కావున 'టెనర్' అనగానే బెదరవలదు. అది మన ఉపమేయమే.

అయినను రూపకమును మెటఫర్‌ను అన్నిచోట్ల ఒకటిగ భావింపరాదు. రూపకమున ఉపమేయమును పేర్కొందుము. దానిని మ్రింగి ఉపమానమును మాత్రమే చెప్పినచో మనవారు రూపకాతిశయోక్తి యందురు. ఆంగ్లేయులకు అదియు మెటఫరే. ఒక మంచి పుస్తకమును మెచ్చుకొనుచు "అది బంగారు గని" యనుట వారి వాడుక. ఆ మాట పలుకువారిలో గని దిగినవారెందరో తెలియదు గాని, మన తాతలకు గని మెటఫర్ కాదు, గనియే.

ఛందస్సు మరింత సులువు. లఘువు పిమ్మట గురువున్న మన వగణమును వారు అయాంబ్ అందురు. గురువు పిమ్మట లఘువున్న హగణము వారి ట్రోకీ. 'బిలో' అను మాట అయాంబ్, 'మైనర్' అను మాట ట్రోకీ. ఐదు అయాంబులు గల పాదము పెంటామీటర్. అయితే మన గురువు ఉచ్చారణకాలమునుబట్టి ఏర్పడును. వారి లెక్క ఊనికనుబట్టి ఏర్పడును. ఈ భేదమును మరచినచో లెక్క తప్పును. మన ప్రాస పాదమున రెండవ అక్షరము. వారి రైమ్ పాదాంతమున వచ్చును గనుక అది మన అంత్యప్రాస. 1667లో వెలువడిన మిల్టన్ 'పారడైజ్ లాస్ట్' అంత్యప్రాసయే లేక సాగిన కావ్యము.

ఆలస్యముగ వచ్చిన బాలునితో "ఎంత పెందలకడ వచ్చితివి నాయనా!" అనుట ఐరనీ. పొగడ్త రూపమున నింద వచ్చినచో దానిని మనవారు వ్యాజస్తుతిలో చేర్చిరి. కాని ప్రేక్షకునికి తెలిసినది పాత్రకు తెలియకుండుటచే కలుగు 'డ్రమాటిక్ ఐరనీ'కి సరిపోవు ఒక్క మాట నాకు దొరకలేదు. ఆ మాటను అట్లే వాడుట మేలు. ప్రతిదానికిని తెలుగు పేరు కల్పింపవలెనను పట్టుదల నాకు లేదు.

ఇక మెటానిమీ. ఆంధ్రప్రదేశమున శిక్షణ పొంది ఈ ప్రాంతమునకు వచ్చిన క్రొత్తలో నేనిచ్చట ఒక పొరపాటు చేసితిని. కిరీటమనగా రాజు అను అర్థము వచ్చు వాక్యమొకటి పాఠములో నుండెను. దీనిని తెలుగున ఏమందురని ఒక బాలిక అడుగగా, తోచక, "అదియు రూపకమే" యంటిని. ఆ బాలిక ఊరకుండక, "కిరీటము రాజు మాదిరి ఉండదు కదా, సార్?" అనెను. నిజమే, పోలిక లేనిచోట రూపకము లేదు. ఆ రాత్రి అలంకార ప్రకరణమంతయు వెదకితిని. దొరకలేదు. ఏలననగా మన శాస్త్రకారులు దానిని అలంకారములలో గాక శబ్దశక్తులలో, లక్షణ యను పేర నుంచిరి. వాచ్యార్థము పొసగనపుడు దానితో సంబంధము గల వేరొక అర్థమును గ్రహించుట లక్షణ. "గంగలో పల్లె" యన్నచో ప్రవాహముపై ఇండ్లు నిలువవు గనుక ఒడ్డున పల్లె యని గ్రహింతుము. ఆ సంబంధము సాదృశ్యమైనచో గౌణి, మరియొకటి యైనచో శుద్ధ. శుద్ధలక్షణయే మెటానిమీకి మిక్కిలి సమీపము. వెనుక చెప్పిన ఐరనీయు విపరీతలక్షణ యను పేర ఇచ్చట చోటు పొందును.

మరునాడు తరగతిలో నా తప్పు ఒప్పుకొని, ఇంటి మాటలనుండి ఉదాహరణము చెప్పుమంటిని. ఆ బాలికయే లేచి, "రాత్రి షిఫ్టు ఎక్కేదాకా మా అవ్వ పొయ్యి ఆర్పేది కాదంట, సార్" అనెను. షిఫ్టు కాలము, కాలము గనినుండి ఎక్కిరాదు, మనుష్యులు వత్తురు. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లను మించినది. ఒత్తిడికి రాయి పగిలి ప్రాణములు పోవుట ఆ గనులలో అరుదు కాదు. అట్టిచోట పనిచేయు తనవారి పేర్లను ఒక్కొక్కటిగ పలుకుటకు ఆ ముసలియామెకు నోరాడలేదేమో, షిఫ్టు అన్నది.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నేడు ఆ యింట బెంగళూరు పనినుండి రాత్రి బండికి ఆలస్యముగ వచ్చినవారిని "షిఫ్టు ఎక్కినాదా?" అని అడుగుదురట. ఇప్పుడది మెటానిమీ కాదు. గనితో పోలిక చేరినది గనుక మెటఫరైనది. ఈ మార్పును బాలిక తానే కనిపెట్టి నోటుపుస్తకమున వ్రాసికొన్నది.

విద్యార్థులు ఇట్టి వాక్యములు ఐదింటిని ఇంటి పెద్దల నోట విని, విన్నవి విన్నట్లే వ్రాసి, ప్రతిదానికిని తెలుగు పేరును ఆంగ్లపు పేరును చేర్చి తేవలెను. తల్లిదండ్రులు ఆ మాటలను దిద్దక, తాము పలుకు తీరుననే చెప్పవలసినదిగ కోరుచున్నాను.