పాలపిట్ట కనిపించని రోజు కూడా రాయి

చిరంజీవి కీర్తనకు,

అమీన్‌పూర్ చెరువు దగ్గర నువ్వు తీసిన పాలపిట్ట ఫొటో చూశాను. తీగ మీంచి లేచిన క్షణంలో రెక్కల నీలమంతా పడింది, ఎంత బాగుందో! ఇక నువ్వడిగినవి: ఏ కెమెరా కొనాలి, అరుదైన పిట్టల కోసం ముందు ఎక్కడికి వెళ్ళాలి, వందల జాతులు చూసిన మీ బృందం వాళ్ళని ఎప్పటికి అందుకుంటాను అని. మూడింటిలో మొదటిది తేలిక. కెమెరా ఇప్పుడే వద్దు. ఆ డబ్బులో కొంత పెట్టి మంచి 8×42 బైనాక్యులర్స్ కొనుక్కో. చేతికి బరువుండదు, తెల్లవారుజామున మసక వెలుతురులోనూ బాగా కనిపిస్తుంది.

దాంతో ముందు మీ చెరువు గట్టునున్న గుడ్డికొంగనే చూడు. నిలబడి ఉన్నంతసేపూ ఒళ్ళంతా బురద చారలే, పక్కనే నడిచినా ఆనదు. లేచిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. గూడు పెట్టే కాలానికి వీపు మీద ముదురు ఎరుపు ఈకలు వస్తాయి. ఈ మార్పు ఏ వారంలో మొదలైందో గమనించి రాసుకున్నావనుకో, ఊరూరూ తిరిగి వంద జాతులకు టిక్కులు పెట్టినవాళ్ళ కన్నా నీకే ఎక్కువ తెలిసినట్టు.

ఇప్పుడు లిస్టు సంగతి. చూసిన పిట్టల్ని నమోదు చేసే ఈ-బర్డ్‌లో నువ్వు రాసి పంపిన లిస్టులో పాలపిట్ట, లకుముకి, ఇంకో రెండు మంచి పిట్టలూ ఉన్నాయి. కాకి లేదు, గోరింక లేదు, పావురం లేదు. ఆ పూట అవి కనిపించలేదా, కనిపించినా రాయబుద్ధి కాలేదా? నీ లిస్టు చదివేవాళ్ళకు తెలిసే దారి లేదు. పదిహేను నిమిషాలు నిలబడ్డా సరే, చూసినవీ విన్నవీ గుర్తుపట్టినంతవరకు అన్నీ రాయాలి, ఎన్నున్నాయో అంకె వేయాలి. అప్పుడే రాయనిది నిజంగా కనిపించనిదని నమ్మవచ్చు. పాలపిట్ట లేని పూర్తి లిస్టు కూడా పాలపిట్ట గురించే చెబుతుంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 2023లో వచ్చిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది. దానికి ఆధారం ముప్పై వేల మందికి పైగా పక్షి ప్రేమికులు రాసి పంచుకున్న లిస్టులే. ఉద్యోగస్థులు, విద్యార్థులు, రిటైరైనవాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు. వాళ్ళు ఓపిగ్గా రాయబట్టే, మన కళ్ళ ముందు తిరిగే పాలపిట్ట దేశం మొత్తం మీద తగ్గిపోతోందని తేలింది. మీ తెలంగాణ రాష్ట్ర పక్షి అది. ఊళ్ళో ఒక్కరు చూస్తే 'ఈ ఏడు తక్కువగా వచ్చాయేమో' అనుకుని ఊరుకుంటారు. వేల లిస్టులు ఒకచోట చేరితేగాని ఆ తరుగుదల కనబడదు. నువ్వు చేరింది అలాంటి జట్టులో. అక్కడ ఎవరినీ అందుకోవాల్సిన పని లేదమ్మా, నీ చెరువు సంగతి నువ్వు చెప్పాలి, అంతే.

మొన్న నీ లిస్టులో ఒక పిట్ట గురించి 'ఇది ఖాయమేనా, వివరాలు ఇవ్వగలరా' అని ఎవరో అడిగారని చిన్నబుచ్చుకున్నావట, మీ అమ్మ చెప్పింది. అలా లిస్టులు సరిచూసి అడిగేవాళ్ళు జీతం లేకుండా, తమ సాయంత్రాలు ఖర్చుపెట్టి ఆ పని చేస్తున్నారు. ముక్కు ఎలా ఉంది, ఎంత దూరంలో ఉంది, ఏం చేస్తోంది, గుర్తున్నదంతా రాసి పంపు. అనుమానం మిగిలితే తీసెయ్. ఫోన్‌లోని మెర్లిన్ యాప్ కూత విని పేరు చెప్పిందని ఎక్కించెయ్యకు. అది చెప్పింది వెతకడానికి పనికొస్తుంది, సాక్ష్యానికి చాలదు.

అరుదైన పిట్ట అన్నావు కాబట్టి కలివికోడి సంగతి చెప్పాలి. 1900 తర్వాత నికరంగా చూసినవాళ్ళు లేక, అంతరించిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు బొమ్మలు పట్టుకుని కడప ప్రాంతపు ఊళ్ళలో అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర పిట్టలు పట్టే ఐతన్న రాత్రి పూట దాన్ని పట్టి చూపించాడు. శాస్త్రవేత్త భరత్ భూషణ్‌తో పాటు ఆ ఐతన్న పేరు కూడా ఈ కథలో నిలిచింది. అందుకని గట్టు మీద పశువులు కాసే తాతనూ, వల వేసే అన్ననూ పలకరించు. ఏ పిట్ట ఏ వేళకు ఎటు పోతుందో వాళ్ళకు తెలుసు. నేర్చుకున్నది ఎవరి దగ్గరో పేరు పెట్టి చెప్పు.

గూటి ఫొటో మాత్రం ఎంత బాగా వచ్చినా పెట్టకు, ఆ చోటూ చెప్పకు. నువ్వు మంచి మనసుతోనే పెడతావు, చూసి వచ్చేవాళ్ళందరూ అలాంటివాళ్ళు కారు. దగ్గరికి రప్పించడానికి ఫోన్‌లో కూత వినిపించడం కూడా వద్దు. గుడ్ల మీదున్న పక్షి అది విని, ఎవరో తన చోటుకు వచ్చారని కంగారుగా లేస్తుంది. దసరాకు పాలపిట్టను పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్ళు ఎదురైతే దణ్ణం పెట్టి వెళ్ళిపోకు, అటవీశాఖకు ఫోన్ చెయ్. అడవి పక్షిని పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈ విషయంలో మొహమాటం అక్కర్లేదు.

సంక్రాంతి సెలవులకు మా నాయుడుపేట వచ్చెయ్. నేలపట్టులో గూడబాతులు చెరువులో నిలిచిన కడప చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని సాకుతూ ఉంటాయి. పులికాట్‌లో రాజహంసలు కూడా ఉంటాయి. పొద్దున్నే బయల్దేరాలి, స్వెట్టర్ మర్చిపోకు. ఈలోపు ప్రతి ఆదివారం అమీన్‌పూర్ లిస్టు పూర్తిగా రాసి నాకు పంపు, కాకులతో సహా.

మీ మావయ్య