బ్లేడు దించే ముందు పైపు పట్టండి

"అన్నా, ఇంటెనక జాగా ఒకసారి లెవెల్ కొట్టియ్యాలె" అని ఫోను వస్తే మినీ ట్రాక్టరు నడిపేవాళ్లు గంటకు ఎంతో చెప్పేసి బండి తీస్తారు. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. వానొస్తే నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి? పిలిచినాయన కోరుకునేది వెనక గోడకు చెమ్మ ఎక్కకుండా ఉండటం, వాన వెలిసిన గంటకల్లా ఆడవాళ్లు బట్టలారేసుకోగలగడం. చదునైన పెరడు ఆ రెండూ ఇవ్వదు, వాలున్న పెరడు ఇస్తుంది. పొలం పనిలో చెయ్యి తిరిగినవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు. వరిమడిలో నీళ్లు నిలవాలి కాబట్టి, ఆ అలవాటుతో పెరటిని కూడా మడిలాగే చెక్కేస్తారు. చూడటానికి అద్దంలా ఉంటుంది. మొదటి వానకు చెరువవుతుంది.

ఊళ్ల చుట్టూ వెంచర్లు, ఫామ్‌హౌస్ ప్లాట్లు పెరిగాక ఈ పనికి గిరాకీ బాగానే ఉంది. ఏడెనిమిది టన్నుల జేసీబీ చాలా ఇళ్ల పక్కసందులో పట్టదు. పట్టినా సంపు మీదకో, సెప్టిక్ ట్యాంకు మీదకో ఎక్కుతుందని ఇంటివాళ్లకు భయం. మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బీ2441 లాంటి 24 హెచ్‌పీ ఫోర్ వీల్ బండ్లు ఆ సందులో దూరతాయి. సాగు పనులు లేని రోజుల్లో ఇంట్లో నిలబడిపోయే బండికి ఇది మంచి ఆదాయం. ఒక్క షరతు. మట్టి తోసే పనికంటే కొలిచే పని ముందు నేర్చుకోవాలి.

కొలతకు ఖరీదైన సామాను అక్కర్లేదు. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు. పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు యాభై అడుగులు తీసుకుని నీళ్లు నింపండి. లోపల బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు, మిగిలితే లెక్కంతా తప్పుతుంది. ఒక కొస ఇంటి గోడ దగ్గర, ఇంకో కొస పెరటి చివర పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. అక్కణ్ణుంచి కిందకు నేల ఎంత ఉందో టేపుతో కొలవడమే. గోడ పొడవునా, మధ్యలో, ప్రహరీ దగ్గర పది అడుగులకొక మేకు పాతి, ప్రతి మేకు దగ్గర మెరక ఎంతో, పల్లం ఎంతో కాగితం మీద రాసుకోండి. రసమట్టం పెట్టి చూస్తే సరిపోదా అంటారు కొందరు. రెండడుగుల రసమట్టంతో నలభై అడుగుల పెరడు కొలిస్తే చిన్న తప్పు పెద్దదవుతుంది.

ఇంటి గోడ నుంచి మొదటి పది అడుగుల్లో ఆరంగుళాలు దిగేలా నేల ఉండాలి. ఆ తర్వాత వందకు రెండడుగుల వాలున్నా, అంటే పది అడుగులకు సుమారు రెండున్నర అంగుళాలున్నా చాలు. వందకు ఒక అడుగు కంటే తగ్గితే కంటికి వాలున్నట్టే ఉంటుంది గానీ గడ్డి మొలిచాక నీళ్లు కదలవు.

చిక్కంతా నేల ఇంటివైపే వాలి ఉన్నప్పుడు. గుట్ట కింద కట్టిన ఇళ్లకు ఇది మామూలే. ఉదాహరణకు వెనక గోడ నుంచి ప్రహరీ దాకా నలభై అడుగులు, వెడల్పు ముప్పై, ప్రహరీ దగ్గర నేల గోడ దగ్గరకంటే ఒక అడుగు ఎత్తు అనుకుందాం. పెరడంతా అవతలికి వాల్చాలంటే కొండను తవ్వినంత పని. అందుకే గోడకు పది అడుగుల దూరంలో వెడల్పుగా, లోతు తక్కువగా ఒక పిల్లకాలువ తీస్తారు. గోడ నుంచి నేల ఆ కాలువలోకి దిగుతుంది, ప్రహరీ నుంచి వచ్చేది కూడా అందులోకే దిగుతుంది. కాలువ పక్కకు, వీధివైపుకు పారుతుంది.

లెక్క ఇదీ. గోడ నుంచి పదో అడుగు దగ్గర నేల ఇప్పుడు మూడంగుళాలు ఎత్తుంది. మనకు అది ఆరంగుళాలు దిగాలి. అంటే అక్కడ తొమ్మిదంగుళాలు తియ్యాలి. గోడ దగ్గర సున్నా, ప్రహరీ దగ్గర సున్నా. నలభై అడుగుల మీద ముప్పావడుగు లోతు త్రికోణం కాబట్టి ప్రతి అడుగు వెడల్పుకు పదిహేను ఘనపుటడుగులు. ముప్పై అడుగుల వెడల్పుకు 450 ఘనపుటడుగులు, అంటే నాలుగున్నర యూనిట్లు. తవ్విన మట్టి పొంగుతుంది కాబట్టి ట్రాలీలోకి వచ్చేసరికి అది ఐదున్నర దాటుతుంది. కాలువకు పక్కవాలు ఇవ్వడానికి ముప్పై అడుగుల పొడవున ఇంకో నాలుగంగుళాలు దిగాలి, ఆ మట్టి అదనం. ఈ లెక్క చేతిలో లేకుండా "ఒక పూట పని" అని మాటిచ్చినవాడు రెండో రోజు తన డీజిలు తానే పోసుకుంటాడు.

ఆ మట్టినంతా బయటికి తోలాల్సిన పని లేదు. బేస్‌మెంట్ రెండడుగులు ఎత్తున్న ఇల్లయితే గోడ వెంబడి మూడు నాలుగంగుళాలు మట్టి పోసి నేల లేపితే, తవ్వే లోతు ఆ మేరకు తగ్గుతుంది. కానీ బేస్‌మెంట్ పైఅంచుకు ముప్పావడుగు కిందకే మట్టి ఆగాలి. అంతకుమించి పోస్తే చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, చెదలకు దారి దొరుకుతుంది. గోడ పక్కన ఇసుక పోయమనే ఇంటివాళ్లుంటారు, నీళ్లు తొందరగా ఇంకిపోతాయని. వద్దని గట్టిగా చెప్పండి. ఇసుకలోంచి దిగిన నీళ్లు నేరుగా పునాది దగ్గరకే చేరతాయి. గోడ పక్కన కావలసింది గట్టిపడే మొరం. కోస్తాలో దాన్నే గ్రావెల్ అంటారు. నల్లరేగడి మాత్రం గోడకు ఆనించవద్దు. తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే మట్టి అది. ఆ నెర్రెల్లోంచే తర్వాతి వాన లోపలికి దిగుతుంది.

మట్టి పోసేటప్పుడు ఆరంగుళాలకు ఒక వరస, కొంచెం నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టాలి. అడుగు మందం ఒకేసారి పోసి ట్రాక్టరు చక్రాలు నాలుగుసార్లు తిప్పితే పైన గట్టిగా, లోపల గుల్లగా ఉంటుంది. ఒక వానాకాలం గడిచేసరికి గోడ పక్కనే గాడి పడి, మొదటి తగువు అక్కడే మొదలవుతుంది.

ఎప్పుడు చెయ్యాలన్నది మట్టే చెబుతుంది. మేలో రేగడి రాయిలా ఉంటుంది, జూలైలో జిగురులా ఉంటుంది. తొలకరి జల్లు పడి పదును వచ్చినప్పుడు రెండు మూడు రోజులు దొరుకుతాయి. గుప్పెడు మట్టి పిసికి వదిలితే ఉండ కట్టాలి, నేల మీద పడితే విడిపోవాలి. అలా ఉన్నప్పుడే బండి దించండి. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి కాబట్టి అక్కడివాళ్లకు సెప్టెంబరు దాకా వెసులుబాటు ఉంటుంది.

ఇక పనిముట్లు. నేల గుల్ల చెయ్యడానికి కల్టివేటరు వాడండి, రోటావేటరు వద్దు. రోటావేటరు మట్టిని పిండి చేస్తుంది, ఆ పిండి మొదటి జడివానకే కాలువలోకి కొట్టుకొస్తుంది. చాలామంది దగ్గర రోటావేటరే ఉంటుంది కాబట్టి అదే దించేస్తారు. ఐదు నాగళ్ల కల్టివేటరు కిరాయికి దొరక్కపోదు. తర్వాత వెనక తగిలించే లెవెలింగ్ బ్లేడు. దాని వెడల్పు రెండు వెనక చక్రాల బయటి అంచులను దాటాలి, లేకపోతే చేసిన నేల మీదే చక్రాల గాళ్లు మిగిలిపోతాయి. బ్లేడును పొజిషన్ లివర్‌తోనే నడపండి. డ్రాఫ్ట్ లివర్ మీద ఉంచితే గట్టి మట్టి తగిలినచోట లేస్తూ, మెత్తటిచోట దిగుతూ నేలంతా అలలు అలలుగా వస్తుంది. వాలు రావాలంటే కుడివైపు లిఫ్ట్ రాడ్డు హ్యాండిల్ తిప్పి బ్లేడు ఒక పక్క దించాలి. ఒక్కో దఫా అంగుళం, అంగుళమున్నరకు మించి తియ్యకండి. మెరక నుంచి కాలువవైపు లాగండి, ఇంటి గోడవైపు ఎప్పుడూ లాగకండి. గోడకు చివరి రెండు మూడడుగులు పారతో, గడ్డపారతో చెయ్యాల్సిందే. అక్కడ డ్రైనేజీ పైపులు, ఏసీ నీళ్ల గొట్టాలు ఉంటాయి.

గంటకోసారి దిగి లెవెల్ పైపు మళ్లీ పట్టండి. ఇంటివాళ్లు చూస్తుంటే నామోషీ అనుకుంటారు కొందరు. నిజానికి వాళ్లకు నమ్మకం కలిగేది ఆ పైపు చూశాకే.

బండి ఎక్కడ తిరగవచ్చో, ఎక్కడ తిరగకూడదో ముందే ముగ్గుతో గీయించండి. సంపు, సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత, బోరు, బోరు మోటారుకు భూమిలో వేసిన కేబులు ఎక్కడున్నాయో ఇంటి యజమానినే చూపించమనండి. అద్దెకున్నవాళ్ల మాట నమ్మితే చాలదు. సెప్టిక్ ట్యాంకు మీద వేసిన పాత కడప బండలు మనిషిని మోస్తాయేమో గానీ టన్ను బరువు బండిని మొయ్యవు. పైన తీగలు కూడా చూసుకోండి. కాలువ గట్టుకు, గుంత అంచుకు దాని లోతెంతో కనీసం అంత దూరంలో చక్రం ఉండాలి. వాలు ఎక్కువున్నచోట బండిని అడ్డంగా నడపవద్దు, నిలువుగానే ఎక్కించి దించండి. రెండు బ్రేకు పెడళ్లు కొండీతో కలిపి ఉన్నాయో లేదో రోజూ చూసుకోండి, ఒకటే నొక్కుకుంటే దిగుడులో బండి తిరిగిపోతుంది. వెనక రక్షణ కమాను ఉన్న బండిలో బెల్టు పెట్టుకుని తీరాలి. కమాను ఉండి బెల్టు లేకపోతే బండి పల్టీ కొట్టినప్పుడు మనిషి దాని కిందే పడతాడు. పెరట్లో పిల్లలుంటే పని ఆపండి. మొహమాటపడొద్దు.

నేల వాలు ఎంత బాగా చేసినా డాబా నీళ్లను మరిచిపోతే అంతా వృథా. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఐదు సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 4,600 లీటర్లు. అంటే ఒక చిన్న నీళ్ల ట్యాంకరు మీ కొత్త మట్టి మీద ఒకేచోట కుమ్మరించినట్టు. పైపు కింద రాయో సిమెంటు పలకో పెట్టించి, అక్కణ్ణుంచి కాలువలోకో ఇంకుడు గుంతలోకో దారి ఇవ్వాలి. గుంత పునాదికి దూరంగా, కాలువ చివర ఉంటే నయం.

కాలువ ఎక్కడికి పోవాలన్నదే ఈ పనిలో అసలు తగువు. మొదటి అడ్డంకి వాస్తు. ఈశాన్యం పల్లం, నైరుతి మెరక ఉండాలంటారు. నేలేమో నైరుతికి వాలి ఉంటుంది. నీరు పల్లమెరుగు అని చెప్పి ఊరుకుంటే ఇంటి పెద్దాయనకు కోపం వస్తుంది, పని పోతుంది. ఇలాంటిచోట ఇంటి చుట్టూ పది అడుగుల మేర వాళ్లు అడిగినట్టే వాల్చి, దాటాక నీళ్లను కాలువతో అసలు పల్లానికి తిప్పవచ్చు. చాలా పెరళ్లలో ఇది కుదురుతుంది. కుదరనిచోట కాగితం మీద అంకెలు చూపించి, ఆయన నిర్ణయం ఆయనకే వదిలేసి, అదే కాగితం మీద సంతకం తీసుకోండి.

రెండోది పక్కింటివాళ్లు. పై నేల మీద పడిన వాన కింది నేలకు తనంతట తాను పారిపోవడం ఒకటి, దాన్ని మీరు కూడగట్టి ఒక కాలువగా వాళ్ల ప్రహరీ అడుగుకు వదలడం ఇంకొకటి. రెండోది చేశారంటే పోలీస్ స్టేషన్ దాకా మీ పేరు కూడా వెళ్తుంది. ప్రహరీకి అవతలి నేల కిందికి ఉంటే ఇంకా జాగ్రత్త. గోడ వెనక నీళ్లు నిలిస్తే అవి మట్టినీ గోడనూ కలిపి తోస్తాయి. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్ వానకు బండ్లగూడలో ప్రహరీ గోడ కింది ఇళ్ల మీద కూలి మనుషులు చనిపోయారు. అలాంటి గోడ అడుగున తూములు లేకపోతే ముందు అవి పెట్టించమని చెప్పండి, తర్వాతే మట్టి ముట్టుకోండి. గోడకు ఆనించి మట్టి ఎత్తు పెంచమంటే ఒప్పుకోవద్దు.

డబ్బు సంగతి. చూడకుండా ఫోనులో రేటు చెప్పకండి. కొలతకు వెళ్లిన పూటకు చిన్న మొత్తమైనా తీసుకోండి, పని కుదిరితే అందులో తగ్గించండి. మొరం ఎవరు తెప్పిస్తారు, మిగులు మట్టి ఎవరు తోలతారు, ట్రాలీ కిరాయి ఎవరిది అన్నవి వాట్సాప్‌లో రాసి పంపండి. పనికి ముందు గోడ పగుళ్లన్నీ ఫొటోలు తియ్యండి, తర్వాత అవి మీ ట్రాక్టరు వల్ల వచ్చాయనకుండా. అడుగుకు మించి తవ్వకం ఉంటే మీ బండిని హింసించకుండా జేసీబీ వాళ్లను గంటల లెక్కన పిలిపించి, చివరి వాలు మీరు తీర్చండి. వాళ్లతో పొత్తు ఉంటే తిరిగి వాళ్లే మీకు పనులు చెబుతారు. ఇంకొకటి, వ్యవసాయానికని రిజిస్ట్రేషన్ చేయించిన బండిని కిరాయి పనులకు తిప్పేవాళ్లు ప్రమాదం జరిగితే బీమా వస్తుందో లేదో ఏజెంటును ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి.

పని అయ్యాక నేలను ఖాళీగా వదలకండి. గరిక ముక్కలు నాటించి రెండు వారాలు నీళ్లు చల్లమనండి. ప్రహరీవైపు వాలు బాగా ఎక్కువుంటే వాలుకు అడ్డంగా వట్టివేరు వరస పెట్టిస్తే మట్టి జారదు. మిగులు మట్టినంతా ఆ రోజే తోలేయకుండా అర ట్రాలీ ఒక మూల ఉంచండి. మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్లి చూస్తానని రేటు చెప్పేటప్పుడే చెప్పండి, ఆ రాకకు డబ్బు కూడా అందులోనే కలపండి. కొత్త మట్టి ఎక్కడో ఒకచోట కుంగుతుంది. నీళ్లు నిలిచిన మడుగు చుట్టూ ముగ్గు గీసి, ఆరాక ఆ అర ట్రాలీ మట్టితో నింపి దిమ్మిస కొట్టి, మిగతా సొమ్ము తీసుకోండి.