కొన్న కోడిపిల్లలకు నాటు పెట్టే తల్లి

చలి ముదిరింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలనీల పెరళ్ళలోనూ, హయత్‌నగర్ దాటాక అబ్దుల్లాపూర్‌మెట్ వైపు పొలాల దగ్గరా కోళ్ళు పెంచేవారు ఈ రోజుల్లో ఎక్కువగా పోగొట్టుకునేది కొని తెచ్చిన ఒకరోజు పిల్లల్నే. యంత్రంలో పొదిగిన పిల్లకు మొదటి వారం దాదాపు 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చదనం కావాలి. ఆ తర్వాత వారానికి అయిదేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. బల్బు కింద పెంచుతుంటే అర్ధరాత్రి కరెంటు పోతుంది. పిల్లలన్నీ ఒక మూలకు చేరి, ఒకదాని కింద ఒకటి నలిగి చనిపోతాయి.

ఇంట్లో పొదుగుకు కూర్చున్న నాటు పెట్ట ఉంటే ఈ పని దానికి అప్పగించండి. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ రకాలు నాటుకోళ్ళకంటే గుడ్లు బాగా పెడతాయి కానీ పొదగవు. నాటు పెట్ట గుడ్లు తక్కువ పెడుతుందని అమ్మేసేవాళ్ళనూ, పొదుగు మానడానికి దాన్ని నీళ్ళలో ముంచేవాళ్ళనూ చూస్తే బాధేస్తుంది. పిల్లల్ని సాకడంలో దానికి సాటి వచ్చే యంత్రం లేదు.

అయితే గూట్లో కూర్చున్న ప్రతి పెట్టా పొదుగుకు వచ్చినట్టు కాదు. రాత్రి కూడా గూడు వదలకుండా, చేయి పెడితే ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంటే నమ్మవచ్చు. పొట్ట కింద ఈకలు రాలి చర్మం కూడా కనిపిస్తుంది. కనీసం పది రోజులైనా గుడ్లమీద కూర్చోనివ్వండి. 21 రోజులకు దగ్గరపడితే ఇంకా మంచిది, అప్పటికి అది పిల్లల కోసం సిద్ధంగా ఉంటుంది. పిల్లల్ని తేవడానికి ముందే పెట్టకు పేలు, గోమార్లు లేకుండా చూడండి. లేదంటే అవి లేత పిల్లల రక్తం తాగేస్తాయి.

పిల్లల వయసు ఒకటి రెండు రోజులకు మించకూడదు. అంతకంటే పెద్దవి తల్లి పిలుపు వినవు, తల్లీ వాటిని నమ్మదు. బాగా చీకటి పడ్డాక లైటు వేయకుండా, చప్పుడు చేయకుండా, ఒక్కో పిల్లను పెట్ట కింద పెడుతూ ఒక్కో గుడ్డు తీసేయండి. ముందు రెండు పిల్లల్ని పెట్టి చూడండి. మెల్లగా కొక్కొక్కమంటూ రెక్క సర్దుకుంటే మిగతావి కూడా పెట్టవచ్చు. చలికాలంలో ఒక పెట్టకు పది పన్నెండు పిల్లలు చాలు. రెక్కల కింద చోటు దొరకని పిల్ల తెల్లారేసరికి ఉండదు.

అసలు పరీక్ష తెల్లవారుజామున. మీరు దగ్గరుండాలి. ఒకటి రెండుసార్లు ముక్కుతో మెల్లగా తాకితే అది మందలింపే. పిల్ల తలమీద పదే పదే పొడుస్తుంటే మాత్రం వెంటనే పిల్లల్ని తీసేసి బల్బు కిందికి మార్చండి. ఆ పెట్టతో పట్టుబట్టి లాభం లేదు.

పిల్లల మేత ప్రత్యేకంగా ఉండాలి. గుడ్ల కోళ్ళ దాణాలో సున్నం ఎక్కువ, అది పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లల దాణాను తల్లి తిన్నా నష్టం లేదు కాబట్టి ఇద్దరికీ అదే వేయండి. నీళ్ళు లోతులేని పళ్ళెంలో గులకరాళ్ళు వేసి పెట్టండి. కింద పరిచిన వరిపొట్టు తడిస్తే రక్తపారుడు వస్తుంది. మిద్దెమీద పెంచేవారికి పైనుంచి గద్ద, రాత్రిపూట పిల్లి, పందికొక్కు భయం ఉంటుంది. సన్నకన్ను జాలీ తప్పనిసరి.

రోగాల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో బర్డ్‌ఫ్లూ బయటపడి కోళ్ళను వేల సంఖ్యలో చంపాల్సి వచ్చింది. వీధుల్లో అమ్మే రంగులేసిన పిల్లల్ని పెట్ట కింద పెట్టకండి, వాటికి టీకాలు పడ్డాయో లేదో చెప్పేవారుండరు. నమ్మకమైన హేచరీలో కొని, మారెక్స్ టీకా వేశారా అని అడగండి. అయిదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులుకు లసోటా చుక్కమందు, రెండో వారంలో గంబోరో టీకా వేయించాలి. కన్నతల్లి కాకపోయినా పెంపుడు తల్లి రోగం పిల్లలకు అంటుతుంది, కాబట్టి దానికీ టీకాలు బాకీ ఉండకూడదు.

అయిదారు వారాలకు పిల్లలకు ఈకలు నిండుతాయి, తల్లి వాటిని తరమడం మొదలుపెడుతుంది. అప్పుడు విడదీయండి. కొద్ది రోజుల్లో అది మళ్ళీ గుడ్లకు వస్తుంది. ఈలోగా పిల్లలు కునుకుతున్నా, ఒకేసారి రెండు మూడు చనిపోయినా ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పశువైద్యశాలకు చెప్పండి.