బీటా బ్లాకర్ మాత్ర గుండె కణంలో ఏం చేస్తుంది?

ఇంటికి వెళ్ళేటప్పుడు ఇచ్చిన మందుల చీటీ ఒకసారి తీసి చూడండి. అటెనొలాల్, మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్ – వీటిలో ఏదైనా ఉంటే అది బీటా బ్లాకర్ మందు. “బి.పి. తగ్గింది, నాడి బాగుంది, ఇంకా ఈ మాత్ర ఎందుకండీ?” అని అడిగే కుటుంబాలు ఉంటాయి. అడిగితే మంచిదే, అడగకుండా ఆపేస్తేనే ప్రమాదం.

గుండె కండరం కోట్లాది చిన్న కణాలతో తయారైంది. ప్రతి కణం చుట్టూ ఉన్న పలుచని పొరలో సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు వచ్చిపోవడానికి వేర్వేరు ద్వారాలు ఉంటాయి. ముందు సోడియం లోపలికి దూసుకొస్తుంది. ఆ విద్యుత్ మార్పుకు కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. బయటినుండి వచ్చేది కొంచెమే, కాని అది కణంలో దాచి ఉన్న కాల్షియాన్ని కూడా విడుదల చేయిస్తుంది. అప్పుడే కండరం ముడుచుకుంటుంది. కాల్షియం తిరిగి తన చోటికి వెళ్ళాక కండరం సడలుతుంది. (కాల్షియం అన్నాను కదా అని రోగికి పాలు, పెరుగు మాన్పించకండి. ఈ ద్వారాలకూ మనం తినేదానికీ సంబంధం లేదు.)

భయం, కోపం, పరుగు – ఇలాంటప్పుడు రక్తంలో అడ్రినలిన్ పెరుగుతుంది. అది కణం మీద ఉన్న బీటా గ్రాహకం అనే పీటమీద కూర్చుని లోపలికి కబురు పంపుతుంది. దాంతో కాల్షియం ఎక్కువగా వస్తుంది, గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. రక్తనాళాలు సన్నబడిన గుండెకు ఆ వేగానికి తగిన ఆక్సిజన్ అందదు, నొప్పి వస్తుంది.

మాత్ర చేసేదల్లా ముందుగా వెళ్ళి ఆ పీటమీద కూర్చోవడమే. కాల్షియం ద్వారాన్ని అది నేరుగా ముట్టుకోదు, అడ్రినలిన్ కబురునే ఆపుతుంది. గుండె నిదానిస్తుంది. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది రెండు దెబ్బల మధ్య విశ్రాంతిలోనే కాబట్టి ఆ నిదానం దానికి మేలు. ఈ ఆలోచనతో 1960లలో ప్రొప్రనొలాల్ మందును తయారుచేసిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. నెలల తరబడి పీటలు నిండిపోయి ఉంటే కణం కొత్త పీటలు వేసుకుంటుంది. ఒక్కసారిగా మాత్ర ఆపితే అన్నీ ఖాళీ. అడ్రినలిన్ వాటన్నిటిమీదా పడుతుంది, కాల్షియం ఒక్కసారిగా ఎక్కువవుతుంది. గుండె దడ, ఛాతీ నొప్పి, ఒక్కోసారి గుండెపోటు కూడా రావచ్చు. అందుకే ఆపవలసి వచ్చినా డాక్టరుగారే మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. పెళ్ళికి ఊరెళ్ళినా మాత్రల అట్ట సంచిలో ఉండాలి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు వేయకండి.

నాడి నిమిషానికి 50 కంటే తగ్గినా, కళ్ళు తిరిగి పడిపోయినా, ఆయాసం లేదా కాళ్ళ వాపు పెరిగినా వెంటనే తీసుకురండి. ఉబ్బసం ఉంటే మందు మొదలుపెట్టకముందే చెప్పాలి. షుగరు ఉన్నవారి ఇంట్లో ఇంకొక జాగ్రత్త: షుగరు పడిపోయినప్పుడు వచ్చే వణుకు, దడ ఈ మాత్ర వల్ల తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. మనిషి ఊరికే చెమటలు కక్కుతుంటే వెంటనే షుగరు చూడండి. చూసే వీలు లేకపోతే, మెలకువగా ఉండి మింగగలిగితే, పంచదార నీళ్ళు ఇవ్వండి.