బ్యాటరీ దిమ్మిసను దాచే పద్ధతి

గట్లు, కళ్లాలు, పంటకుంట కట్టలు గట్టిపరచడానికి పెట్రోలు దిమ్మిసలతో పాటు ఇప్పుడు లిథియం బ్యాటరీతో నడిచేవీ వచ్చాయి. పొగ లేదు, మోత తక్కువ. అయితే పని అయ్యాక దాన్ని గడ్డివాము పక్కనున్న రేకుల షెడ్డులో పడేస్తేనే వస్తుంది చిక్కు.

పని ముగియగానే బ్యాటరీ ఊడదీయండి. అదురుకు వదులైన బోల్టులు ఆ తర్వాతే బిగించండి. వేడి మీద ఛార్జింగు పెట్టకండి, చల్లారనివ్వండి. రాత్రి గుమ్మం దగ్గర ఛార్జింగు పెట్టి పడుకోవడం అసలు కూడదు. అంటుకుంటే బయటపడే దారే మూసుకుపోతుంది. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జితో, నీడగా, పొడిగా ఉన్నచోట ఉంచాలి.

విశాఖ, భీమిలి తీర గ్రామాల వారికి ఉప్పుగాలి బెడద ఎక్కువ. కరెంటు తగిలే కొసలకు తుప్పు పడుతుంది. పొడిగుడ్డతో తుడవండి, నీళ్లు కొట్టి కడగకండి. 2014 అక్టోబరు 12నాటి హుద్‌హుద్ మనకు తెలిసిందే. తుపాను కబురు రాగానే బ్యాటరీని ఎత్తయిన అరమీదకు చేర్చండి.

తడిసినా, ఉబ్బినా, ఎంత ఖరీదైనదైనా సరే, మళ్లీ ఛార్జి చేయొద్దు. ఇంటికీ గడ్డికీ దూరంగా ఆరుబయట పెట్టి, అమ్మిన డీలరుకు చెప్పండి. ఎండబెడితే బాగవుతుందిలే అనుకుంటారు కొందరు. లోపల చేరిన ఉప్పునీరు రోజుల తర్వాత కూడా మంట పుట్టించగలదు.